రికార్డుకెక్కడం వేరు, రాసుకోవడం వేరు

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లో ట్యాబ్‌లు పెట్టే కార్యక్రమం మొదలైంది. పిల్లలకీ టీచర్లకీ కలిపి రాష్ట్రమంతటా ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత నాడు-నేడు బళ్ళల్లో నల్లబల్ల పక్కన పెద్ద తెరలు వచ్చాయి. ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఏ హైస్కూలు స్టాఫ్ రూములో కూర్చున్నా ఒక వాదన వినపడుతుంది. ఇవన్నీ పిల్లల్ని బాగుచేస్తాయని ఒకరంటారు, పాడుచేస్తాయని ఇంకొకరంటారు.

మేము ఎరుకల, యానాది, సుగాలి ఇళ్ళలో పుట్టి, ఈ బళ్ళల్లోనే చదువుకుని, ఈ బళ్ళల్లోనే పాఠాలు చెబుతున్నవాళ్ళం. మాకు ఆ వాదన సగమే అనిపిస్తుంది. మంచిదా చెడ్డదా అని అడగడానికి ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. తెర ముందు కూర్చున్న మన పిల్ల దాంతో ఏదైనా రాస్తోందా, లేక ఆ పిల్ల గురించి అందులో ఎవరో రాసుకుంటున్నారా? రికార్డుకెక్కడం వేరు, రాసుకోవడం వేరు. మన జాతులు రాసుకోవడానికి చాలా ఆలస్యంగా వచ్చాయి. రికార్డుకెక్కడంలో మాత్రం ఈ దేశంలో అందరికంటే ముందున్నాయి. ఆ చరిత్ర తెలియకుండా మన పిల్లల ముందు కెమెరా తెరవకూడదు. టీచర్లకూ, మన యువతరానికీ ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది అదే.

వేలిముద్ర మనకు కొత్త కాదు

కొత్త యంత్రం ఊళ్ళోకి రాగానే అందరికీ ఒకేలా మేలు జరగదు. ఎరుకల తాతలు తీరంలో ఉప్పు ఎత్తుకుని మెట్ట ఊళ్ళకు తీసుకెళ్ళి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. సుగాలీల తాతలు ఎద్దుల బిడారులతో సరుకు మోసేవాళ్ళు. రైలు పట్టాలు పడ్డాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. తరతరాల బతుకుదెరువు పోయింది. రైలెక్కినవాళ్ళకు అది ప్రగతి. దాని పక్కన నడుస్తూ మిగిలిపోయినవాళ్ళకు అది ఆకలి. ఆ ఆకలితో తిరుగుతున్నవాళ్ళను చూసి వీళ్ళు తిరుగుబోతులు, దొంగలు అని పేరు పెట్టింది ఆనాటి ప్రభుత్వం.

1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఏ నేరమూ చేయకపోయినా ఫలానా కులంలో పుట్టినందుకే మనిషి పేరు రిజిస్టరులోకి ఎక్కేది. వేలిముద్రలు తీసుకునే అధికారం అధికారులకు ఉండేది. పిలిచినప్పుడు హాజరు పలకాలి. హద్దు దాటాలంటే చీటీ కావాలి.

బాపట్ల పేరు తెలుగు చరిత్రలో ఒక గౌరవమైన పేరు. 1913 మే నెలలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది ఇక్కడే. తెలుగువాళ్ళు తమకంటూ ఒక రాష్ట్రం కావాలన్న మాటను కూడి చర్చించింది ఇక్కడే. దాదాపు అదే కాలంలో, అదే బాపట్లకు కాస్త దూరంలో, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఎరుకల కోసం ఒక సెటిల్మెంటు పెట్టారు. దానికి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. ఒకవైపు తెలుగువాళ్ళు మేమెవరమో మేమే చెప్పుకుంటాం అంటున్నారు. ఇంకోవైపు ఎరుకలవాళ్ళు ఎవరో రిజిస్టరు చెబుతోంది. ఈ రెండూ పక్కపక్కనే జరిగాయి. పాఠ్యపుస్తకంలో మొదటిదే ఉంటుంది.

ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. యానాదుల మధ్య జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివాళ్ళు దాని రద్దు కోసం పాటుపడ్డారు. కాగితం మీద చట్టం పోయింది కానీ పేరు పోలేదు. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి దొంగల పేరుతో, ఇంకొకటి పోలీస్ స్టేషన్ పేరుతో. 2023లో మరో సినిమా వచ్చింది. దాని టీజరు మీద హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పుడు తరగతిలో కొత్తగా నెట్ వచ్చిందని సంబరపడి మన పిల్ల తన ఊరి పేరు కొడితే ముందు ఏం కనబడుతుంది? ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు కనబడరు. తట్టలూ బుట్టలూ అల్లే చేతులు కనబడవు. సినిమా తుపాకులు కనబడతాయి.

అందుకే మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఫోటో అనగానే మొహం తిప్పుకుంటే, వేలిముద్ర అనగానే చెయ్యి వెనక్కి లాక్కుంటే, దాన్ని అజ్ఞానం అనకండి. అది జ్ఞాపకం.

లెక్కలో ఉండటం కూడా హక్కే

ఇంత చెప్పాక, రికార్డే వద్దు, కెమెరాయే వద్దు అనాలనిపిస్తుంది. మేము అలా అనడం లేదు. ఎందుకో చెబుతాం.

రేపల్లె, నిజాంపట్నం వైపు కాలవ గట్ల మీద, చేపల చెరువుల పక్కన, రొయ్యల చెరువుల కాపలా గుడిసెల్లో యానాది కుటుంబాలు ఉంటాయి. ఒక చోట ఐదు ఇళ్ళు, ఇంకో చోట మూడు. యజమాని మారితే మకాం మారుతుంది. ఇలాంటి ఇళ్ళల్లో పుట్టిన తేదీ కాగితం లేనివాళ్ళు, ఆధార్ లేనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లెక్కలో లేని పిల్లకు మధ్యాహ్న భోజనం దగ్గరా, హాస్టలు సీటు దగ్గరా, స్కాలర్‌షిప్ దగ్గరా ఒక్కో గుమ్మం మూసుకుపోతుంది. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని, పిల్లలకు రావాల్సిన మేలు ఆపకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు తీర్పులో చెప్పింది. ఆ మాట గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళకు ఎవరు చెబుతారు? చదువుకున్న మనవాళ్ళే చెప్పాలి.

కాబట్టి నమోదు అనేదే పాపం కాదు. 1911 రిజిస్టరూ ఒక నమోదే, బడి హాజరు పట్టీ కూడా ఒక నమోదే. కానీ రెండూ ఒకటి కాదు. తేడా ఎక్కడుంది? మేము ఆలోచించిన మేరకు నాలుగు చోట్ల ఉంది. ఎవరు అడిగి రాశారు? ఎవరు చూస్తారు? తప్పుంటే దిద్దుకునే దారి ఉందా? రాసినందుకు రాయబడ్డ మనిషికి తిరిగి ఏం వస్తుంది? పాత రిజిస్టరు ఎవరినీ అడగలేదు, పోలీసులే చూశారు, దిద్దుకునే దారి లేదు, తిరిగి వచ్చింది అవమానమే. ఈ నాలుగు ప్రశ్నలూ ఈనాటి ప్రతి యాప్‌కూ, ప్రతి ఫోటోకూ వేయవచ్చు. యంత్రం పేరు మారినా ప్రశ్నలు మారవు.

టీచర్లకు ఇది అర్థంకాని సంగతేమీ కాదు. 2022 ఆగస్టులో టీచర్ల హాజరుకు ముఖం చూపించే యాప్ తెచ్చినప్పుడు రాష్ట్రమంతటా ఎంత అలజడి అయిందో గుర్తుందా? సొంత ఫోన్‌లో ఎందుకు వేసుకోవాలి, నా ముఖం ఎక్కడ దాస్తారు, నిమిషం ఆలస్యమైతే నన్ను దొంగలా చూస్తారా అని అడిగారు. అవి న్యాయమైన ప్రశ్నలు. మేమూ వాళ్ళతో కలిసి అడిగాం. ఇప్పుడు అదే టీచరు తన ఫోన్ తీసి తరగతిలో ఒక యానాది పిల్ల ముఖం మీద పెట్టినప్పుడు ఆ ప్రశ్నలే ఆ పిల్ల తరఫున వేసుకోవాలి. మనకు బాధ కలిగించింది పక్కవాడికీ బాధ కలిగిస్తుందని తెలుసుకోవడమే నీతికి మొదటి మెట్టు. అందులోనూ ఆ పిల్లకు సంఘం లేదు, ధర్నా చేసే వీలు లేదు, వద్దు సార్ అనే ధైర్యం కూడా లేదు.

చెప్పుల ఫోటో

మా కళ్ళ ముందు జరిగింది ఒకటి చెబుతాం. బడి పేరు అక్కర్లేదు, ఇలాంటివి చాలా చోట్ల జరుగుతాయి. ఒక దాత వచ్చి పిల్లలకు చెప్పులు పంచాడు. ఒక యానాది అమ్మాయిని ముందుకు పిలిచి, ఒట్టి కాళ్ళు కనపడేలా ఒక ఫోటో, చెప్పులు వేసుకున్నాక ఒక ఫోటో తీశారు. సాయంత్రానికల్లా ఆ రెండు ఫోటోలూ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. దాతకు దండాలు, బడికి మెచ్చుకోళ్ళు వచ్చాయి. మర్నాటి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. వారం తర్వాత గట్టు మీదకు వెళ్ళి అడిగితే వాళ్ళమ్మ ఒకటే మాట అంది: “చెప్పులిచ్చారు సార్, సంతోషమే. మా పిల్ల కాళ్ళు ఊరందరికీ ఎందుకు చూపించారు?”

ఇందులో చెడ్డవాళ్ళు ఎవరు? దాత మంచివాడే. టీచరుకూ పిల్లలంటే ప్రేమే. ఉద్దేశాలన్నీ మంచివే. అయినా ఒక పిల్ల బడి మానేసింది. నీతి అంటే ఉద్దేశం ఒక్కటే అయితే ఇక్కడ తప్పేమీ లేదనాలి. కానీ ఆ తల్లి ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు. ఇచ్చినదానికి బదులుగా ఆ పిల్ల నుంచి మనం ఒకటి తీసుకున్నాం. అడగకుండా తీసుకున్నాం. అదేమిటంటే, తన లేమిని ఎవరికి చెప్పుకోవాలో, ఎవరికి చెప్పుకోకూడదో నిర్ణయించుకునే అధికారం. పేదవాడికి అన్నిటికంటే ఆఖరున మిగిలే ఆస్తి అదే.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనే నియమం పెట్టింది. దానికి మినహాయింపులూ ఉన్నాయి. చట్టం తన పని తాను చేస్తుంది. మేము చెప్పేది చట్టానికి ముందున్న సంగతి. అనుమతి అంటే ఫారం మీద వేలిముద్ర కాదు. ఆ ఫోటో ఎక్కడికి వెళుతుందో, ఎవరు చూస్తారో ఆ తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆమె “వద్దు నాయనా” అంటే ఏ నష్టమూ లేకుండా ఊరుకోగలగడం అనుమతి. వద్దు అనే వీలు లేని చోట సరే అన్న మాటకు విలువ లేదు.

యంత్రం ఆగగలదు

ఇక యంత్రం చేయగల మేలు సంగతి. దాన్ని తక్కువ చేసి చెప్పడం కూడా మన పిల్లలకు అన్యాయమే.

మన పిల్లల చదువుకు పెద్ద గండం తెలివి లేకపోవడం కాదు, మధ్యలో తెగిపోవడం. చెరువు పట్టుబడికి అమ్మానాన్నలతో వెళ్ళిన పిల్ల రెండు నెలల తర్వాత తిరిగొస్తుంది. అప్పటికి తరగతి భిన్నాలు దాటి దశాంశాలకు వెళ్ళిపోయింది. పాఠ్యపుస్తకం ఆగదు. సిలబస్ తరుముతుంటే టీచరూ ఆగలేడు. యంత్రం మాత్రం ఆగగలదు. పిల్ల ఎక్కడ వదిలేసిందో అక్కడినుంచి మొదలుపెట్టగలదు. ఒకే లెక్కను పదిసార్లు అడిగినా విసుక్కోదు, “మీ వాళ్ళకి ఇది రాదులే” అనదు. ఢిల్లీలో 6 నుంచి 9 తరగతుల పిల్లలతో కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. బడి అయ్యాక కేంద్రాలకు వచ్చి, ఎవరి స్థాయికి తగ్గ పాఠం వాళ్ళు కంప్యూటరు మీద చేసుకున్న పిల్లలు నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకు వెళ్ళారని అది చూపింది.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. దక్షిణ అమెరికాలోని పెరూ ప్రభుత్వం పల్లె బళ్ళకు లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వెలువడిన అధ్యయనం చూస్తే పిల్లల లెక్కల్లో, భాషలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెట్టెలు వచ్చాయి కానీ వాటితో ఏం చేయాలో, ఎలా చేయాలో బడిలో ఏమీ మారలేదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే తెలిసేది ఒకటే. యంత్రం పంచడం చదువు చెప్పడం కాదు. ఈ పిల్ల ఎక్కడుంది అని ఎవరో ఒకరు అడిగినప్పుడే అది చదువు అవుతుంది. యంత్రం ఆ ప్రశ్నకు సాయం చేస్తే మంచిదే. ఆ ప్రశ్న టీచరు నోటి నుంచి పోయి యంత్రానికి అప్పజెప్పితే అదే ప్రమాదం.

2020లో బళ్ళు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. కరెంటు లేని గుడిసెలో టీవీ ఎక్కడిది? ఉన్న ఒక్క ఫోన్ తండ్రితో పాటు చెరువు కాపలాకు వెళుతుంది. అందరికీ అనే మాట అన్నప్పుడల్లా గట్టు మీది ఆఖరి గుడిసె దాకా లెక్కపెట్టి అనాలి. ట్యాబ్ ఇచ్చినవాళ్ళు ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకుంటారో కూడా అడగాలి. సాయంత్రం ఒక గంట బడి తెరిచి ఉంచి, మన పిల్లలు అక్కడే ఛార్జింగు పెట్టుకుని చదువుకునే వీలు కల్పించిన టీచరు పెద్ద సాంకేతిక నిపుణుడు కాకపోవచ్చు. సాంకేతికత అంటే ఏమిటో మాత్రం ఆయనకు తెలుసు.

ఇంకో సంగతి. ఏజెన్సీ బడిలో తరగతంతా గిరిజన పిల్లలే ఉంటారు. ఇక్కడ మైదానంలో అలా కాదు. తెనాలి బడిలో ఒక ఎరుకల పిల్లాడు, వేమూరు బడిలో ఒక యానాది పిల్ల, రేపల్లెలో ఇద్దరు. ప్రతివాళ్ళూ తమ తరగతిలో ఒంటరి. “నువ్వెవరు?” అని అడిగితే కులం పేరు గొంతులో ఆగిపోయే ఒంటరితనం అది. చెదిరిపోయి ఉన్నవాళ్ళకే ఒకరినొకరు కలిపే సాధనం ఎక్కువ అవసరం. మూడు బళ్ళలోని ఈ నలుగురూ నెలకోసారి ఒక తెర మీద కలుసుకుని మా ఊళ్ళో ఇలా అంటారు, మీ ఊళ్ళో ఏమంటారు అని మాట్లాడుకుంటే, ఆ గంట ఏ పాఠానికీ తీసిపోదు.

అక్షరం ఎవరి సొత్తు

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు భట్టిప్రోలు మీదుగా వెళుతుంది. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్విస్తే ధాతువులు భద్రపరచిన రాతి పేటికలు దొరికాయి. వాటి మీద రెండు వేల ఏళ్ళకు పైబడిన అక్షరాలున్నాయి. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళెవరూ భట్టిప్రోలు పేరు వదిలిపెట్టరు. అయితే ఆ పేటికల మీద రాసిన భాష తెలుగు కాదు, ప్రాకృతం. ఒక భాష కోసం చెక్కిన అక్షరాలు తర్వాత ఇంకో భాషకు పనికొచ్చాయి. అంటే అక్షరం ఏ ఒక్క భాషకూ సొంత ఆస్తి కాదు. అవసరమైనవాళ్ళు అందుకోవడానికి ఉన్న సాధనం అది. ఆ లెక్కన అదే జిల్లాలో ఎరుకల ఇళ్ళల్లో మాట్లాడే మాట ఇంకా బడి పుస్తకంలోకి ఎందుకు రాలేదు? తెలుగు అక్షరాలతో దాన్ని రాసుకుంటే అడ్డుకునేది ఎవరు?

ప్రాథమిక దశలో ఇంటి భాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. 2000ల తొలి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో వాచకాలు తయారయ్యాయి. మంచి పని. ఆ జాబితాలో ఎరుకల భాష లేదు. చాలామంది టీచర్లకు తమ తరగతిలోని పిల్లకు తెలుగు కాకుండా ఇంట్లో ఇంకో భాష ఉందనే తెలియదు. ఆ పిల్ల చెప్పదు. ఆ భాష వినపడితే కులం తెలిసిపోతుందని చిన్నప్పుడే నేర్చుకుంటుంది.

ఇక్కడ టీచరు ఏం చేయగలడు? గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో టీచరుగా ఉండి చేసిన పని గుర్తు చేసుకుందాం. ఆయన సవరలకు తెలుగు నేర్పడంతో మొదలుపెట్టలేదు. తానే సవర భాష నేర్చుకున్నారు. తర్వాతే ఆ పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు రాశారు. మన కాలంలో మహారాష్ట్ర సోలాపూర్ జిల్లా పరితేవాడి బడి టీచరు రంజిత్‌సింహ్ డిసలే అదే దారిన నడిచారు. పిల్లల ఇంటి భాష కన్నడం, పుస్తకం వేరే భాషలో ఉంది. ఆయన కన్నడం నేర్చుకుని, పాఠాలను ఆ భాషలోకి మార్చి, పుస్తకంలో క్యూఆర్ కోడ్‌లు అతికించి, వాటి ద్వారా ఆ భాషలోనే పాటలూ పాఠాలూ అందేలా చేశారు. 2020లో ఆయనకు ప్రపంచ ఉత్తమ టీచరు బహుమతి వచ్చింది. అందరూ క్యూఆర్ కోడ్ గురించే మాట్లాడారు. మాకు మాత్రం దానికి ముందు ఆయన చేసిన పనే గొప్పగా కనిపిస్తుంది. ఆయన ముందు విద్యార్థి అయ్యారు. సాధనం తర్వాత వచ్చింది.

మన తరగతిలో ఇది ఇలా మొదలవ్వచ్చు. ఒక్కో పిల్లా ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి పది మాటలు తెచ్చుకోవాలి. ఈతాకుతో చాప ఎలా మొదలుపెడతారు, పీత బొక్క పైనున్న మట్టిని చూసి లోపల పీత ఉందో లేదో ఎలా చెబుతారు, పోటుకూ పాటుకూ చేప ఎటు కదులుతుంది, ఏ పాముకు ఏ పేరు. ఆ పేర్లు, ఆ పనులు తెలుగు లిపిలో రాయాలి. గొంతును రికార్డు చేయాలి. తరగతికి ఒక బ్లాగు పెట్టి అందులో చేర్చాలి. తమిళనాడులో పాములు పట్టే ఇరుళ పెద్దలు మాసి సడయన్, వడివేల్ గోపాల్ గార్లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళకు పాము గురించి తెలిసినట్టే, మన కాలవ గట్టు మీది తాతకు ఎలుక బొక్క గురించి, పీత గురించి తెలుసు. ఆయన మనవరాలు అది పాఠంగా రాసినరోజు తరగతిలో ఆ పిల్ల స్థానం మారుతుంది. అప్పటిదాకా అడిగించుకున్న పిల్ల ఆ రోజు నుంచి చెప్పే పిల్ల అవుతుంది.

దాచుకునే హక్కు

కానీ ఇక్కడే మన ప్రశ్న మళ్ళీ వచ్చి నిలబడుతుంది. ఈసారి ఫోన్ పట్టుకున్నది బయటివాడు కాదు, మన పిల్లే. రికార్డవుతున్నది మన నాయనమ్మ. ఆమె చెప్పే మూలిక పేరు, కాన్పులో ఇచ్చే మందు, సోదిలో పలికే మాట, ఇవన్నీ నెట్‌లో పెట్టవచ్చా? మనవాళ్ళం కదా అని అడగకుండా పెట్టేస్తే మనమూ ఆ రిజిస్టరు దారినే పోయినట్టు. ఆమెనూ అడగాలి. ఇది ఇంట్లోవాళ్ళకే, ఇది మనవాళ్ళకే, ఇది అందరికీ అని ఆమె చేతే వేరు చేయించాలి.

ఈ విషయంలో న్యూజిలాండ్ మావోరీలు మనకు మంచి పాఠం చెప్పారు. 2018లో తే హికు మీడియా అనే మావోరీ సంస్థ తమ భాషను యంత్రం గుర్తుపట్టేలా చేయాలని జనాన్ని గొంతు ఇవ్వమని అడిగింది. పది రోజుల్లో 300 గంటలకు పైగా మాట పోగయింది. పెద్ద కంపెనీలకు అలాంటి సరుకు కావాలి. ఆ సంస్థ ఇవ్వలేదు. ఈ గొంతులు మా జాతివి, వీటికి మేము కాపలాదారులమే, యజమానులం కూడా కాదు అంది. భూమి పోయినట్టు భాష కూడా పోకూడదని వాళ్ళ ఆలోచన. భూమి పోగొట్టుకున్నవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొందరు టీచర్లు మమ్మల్ని ఇంకో మాట అడుగుతారు. పిల్ల తన కులం గురించి, ఇంటి పని గురించి పదిమంది చూసే చోట రాస్తే వెక్కిరిస్తారు కదా, దాచిపెట్టడమే మేలు కదా అంటారు. ఈ భయం నిజమైనదే, తోసిపారేయలేం. దాచుకోవడం ఒక హక్కు. కానీ ఎప్పటికీ దాచిపెట్టాల్సి రావడం ఒక శిక్ష. ఈ రెంటి మధ్య పిల్లను తోయకూడదు, లాగకూడదు. మొదట నోటుపుస్తకంలో రాయనివ్వండి. ఇష్టమైతే తరగతికి చదివి వినిపించనివ్వండి. ఆ తర్వాత, పేరు లేకుండా, ఊరి పేరు మాత్రమే పెట్టి, బయటకు పంపనివ్వండి. నచ్చకపోతే ఎప్పుడైనా తీసేయమనే అధికారం ఆ పిల్లదే. వెక్కిరించినవాళ్ళ సంగతి టీచరు పని. పిల్ల రాయడం ఆపించి కాదు, వెక్కిరింతను ఆపించి తరగతిని కాపాడాలి.

ఇక మన యువతరానికి. మీలో ఫోన్ లేనివాళ్ళు ఇప్పుడు తక్కువ. రీల్స్ చూడటంలో మీకు ఎవరూ తీసిపోరు. అందులో తప్పు లేదు. అయితే చూడటం దగ్గరే ఆగిపోతే మన గురించి చెప్పే పని మళ్ళీ సినిమావాళ్ళకే మిగులుతుంది. డీఎస్సీ రాయండి, బడిలోకి రండి. కోడింగ్ నేర్చుకోండి, ఎరుకల మాటల నిఘంటువు ఒక యాప్‌గా చేయండి. అమ్మమ్మ దగ్గర కూర్చుని ఆమె ఒప్పుకున్నంత మేర రాసుకోండి. ఎవరైనా మీ బస్తీకి కెమెరాతో వస్తే గౌరవంగానే ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబు చెప్పేవాళ్ళకు చాప పరిచి కూర్చోబెట్టండి. చెప్పనివాళ్ళకు దారి చూపించండి.

ఏటా ఆగస్టు 29న గిడుగు వారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా ప్రతి బడీ జరుపుకుంటుంది. సరిగ్గా రెండు రోజులకు, ఆగస్టు 31న, నేరస్థ జాతి అనే ముద్ర చట్టం నుంచి తొలగిన రోజు వస్తుంది. విముక్త జాతుల దినం అది. ఆ రోజు ఏ బడి గంటా దాని కోసం మోగదు. టీచర్లను మేము కోరేది ఎంతో కాదు. ఈ రెండు రోజులనూ కలపండి. 29న పిల్లలు ఇంటి భాషలో రాసుకోవడం మొదలుపెట్టనివ్వండి. 31న ఆ పెద్ద తెర మీద వాళ్ళు రాసింది వాళ్ళ చేతే చదివించండి. మన గురించి నూరేళ్ళకు పైగా ఎవరెవరో రాశారు. ఆ రిజిస్టర్లను చించలేం. వాటి పక్కన మన చేతిరాత ఉండేలా చేయగలం.